పాటకో దురలవాటు

జువ్వలమెట్టలో పిండిమర పానకాలుకి ఒక్క దురలవాటు కూడా లేకపోవడం చాలాకాలంపాటు ఎవరికీ ఇబ్బంది కలిగించలేదు. తాగడు, చుట్ట కాల్చడు, పేకముక్క చేతికిస్తే ఏది రాణో ఏది రాజో తెలియదు. కోడిపందెం చూద్దామని వెళ్ళి, కోడి మొహం చూసి జాలిపడి ఇంటికొచ్చేసే రకం. పెళ్ళిచూపులనాడు ఈ సంగతులన్నీ విన్న మామగారు, "అయితే కుర్రాడికి ఒంట్లో ఏమన్నా బాగోదా?" అని అడిగాడట. అంతకుమించి ఆ సుగుణాలను ఊళ్ళో ఎవరూ పట్టించుకున్నది లేదు.

అలాంటి మనిషి కాపురం, కేవలం దురలవాట్లు లేని పాపానికి, చెడిపోయేదాకా వచ్చింది. తప్పు రేడియోది అనేవాళ్ళున్నారు. రేడియో ఏం చేసింది పాపం, దాన్ని ఎటు తిప్పితే అటు పలుకుతుంది. రేడియోలో పాట వస్తే సమాజం బాగుపడుతుందని కనిపెట్టిన పెద్దమనుషులున్నారు చూడండి, తప్పు వాళ్ళది.

ఆ రోజుల్లో జిల్లా రేడియో కేంద్రం నుంచి రోజూ మధ్యాహ్నం ‘శ్రోతల కోరిక’ అని ఒక కార్యక్రమం వచ్చేది. భ్రమరాంబగారనే ఆవిడ చదివేది. జనానికి ఆవిడ మొహం తెలియదు, గొంతు తెలుసు, అందుకని రేడియో అక్కయ్య అనేవారు. పాట వేసేముందు, అది కావాలని కార్డు రాసినవాళ్ళ పేర్లు చదవడం ఆనవాయితీ. ఫలానా ఊరి నుంచి ఫలానాయన, ఆయన భార్య, పిల్లలు, బామ్మగారు, ఆ ఇంట్లో అద్దెకుంటున్నవాళ్ళు, ఒక్కోసారి పాడిగేదె పేరు కూడా వచ్చేది. పాటకన్నా పేర్లే పొడుగు. ఉన్నమాట చెప్పాలంటే జిల్లా మొత్తం ఆ పేర్లకోసమే రేడియో పెట్టుకునేది. తన పేరు వస్తుందేమోనని, వియ్యంకుడి పేరు వచ్చిందేమోనని, పొరుగింటి వాళ్ళ పేరు రాకుండా పోయిందేమోనని చెవులు రిక్కించి వినేది. పేర్లు అయిపోయి పాట అందుకోగానే ఎవరి పని వాళ్ళది.

జువ్వలమెట్టలో ఈ ఏర్పాటు ఇంకా పకడ్బందీగా ఉండేది. పేర్లు మొదలవగానే పానకాలు మర ఆపేసేవాడు. పాట మొదలవగానే మళ్ళీ మీట నొక్కేవాడు. అందుచేత ఆ ఊరివాళ్ళు ఆ కార్యక్రమంలో ఒక్క పాట కూడా పూర్తిగా విన్న పాపాన పోలేదు, వినలేదని ఎవరూ బాధపడిందీ లేదు.

పానకాలు భార్య నాంచారమ్మకి ఏడాదికి ఒక్క కోరిక. పెళ్ళిరోజున ‘జువ్వలమెట్ట నుంచి నాంచారమ్మ, పానకాలు’ అని రేడియోలో వినపడాలి. నగ అడగలేదు, చీర అడగలేదు, తిరుపతి తీసుకెళ్ళమనలేదు. కార్డు తనే రాసి, తనే చిరునామా రాసి, పోస్టుడబ్బాలో వేయడం మాత్రం మొగుడికి అప్పజెప్పేది. ప్రతి ఏడూ పేర్లు వచ్చేవి, ఆవిడ ఆ పూట నేలమీద నడిచేది కాదు.

ఆ ఏడు మర పట్టా తెగింది. పట్టా కొనడానికి పరిగెత్తిన పానకాలు కార్డుని చొక్కాజేబులో మరిచిపోయాడు. గుర్తొచ్చి వేసేసరికి ఆలస్యమైపోయింది. పెళ్ళిరోజు మధ్యాహ్నం మర దగ్గర ఆడవాళ్ళంతా డబ్బాలతో కూర్చున్నారు. ఎవరి డబ్బా ముందు అన్న తగవులో ఈరమ్మ, మరియమ్మ జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. ఇంతలో పేర్లు మొదలయ్యాయి. మర ఆగింది, తగవు ఆగింది, జుట్లు చేతుల్లోనే ఉన్నాయి గాని లాగడం మానేశారు. భ్రమరాంబగారు వరసగా చదువుకుంటూ పోయి, వేళ మించిపోతోందని, చివరికి "మరెందరో శ్రోతలు" అనేసి పాట వేసేసింది.

నాంచారమ్మ కాసేపు రేడియోకేసి చూసింది. పక్కనే తోడికోడలు బసవమ్మ ఉంది. బసవమ్మ పేరు ముందటి వారమే స్పష్టంగా వచ్చింది. "పోన్లే అక్కా, మరెందరో అన్నారుగా, అందులో నువ్వుంటావులే" అంది బసవమ్మ. అంతే, నాంచారమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుని లోపలికెళ్ళి, సంచిలో రెండు చీరలు కుక్కుకుని బయటికొచ్చింది.

"ఇన్నేళ్ళు కాపురం చేసి చివరికి మరెందరోలో కలిసిపోయాను. రేడియోలో నా పేరు చదివిన్నాడే ఈ గడప తొక్కేది" అని మొగుడికి చెప్పి పుట్టిల్లు అడవిపాలెం బస్సెక్కింది.

సరిగ్గా ఆ వేళకే ఊరి మొదట్లో, మరకి ఎదురుగా, ఒక జీపు ఆగి ఉంది. అందులోని పెద్దమనిషి డాక్టర్ చిదంబరేశ్వర్‌గారు, సంగీతం మీద పెద్ద చదువులు చదివినవాడు, జీపు ఇంజనులోకి నీళ్ళకోసం ఆగి ఇదంతా కళ్ళారా చూశాడు. రేడియో మోగింది, జుట్లు పట్టుకున్న ఆడవాళ్ళు ఆగిపోయారు, ఒక ఇల్లాలు కంటతడి పెట్టింది. ఆయన గుండె ఝల్లుమంది. ఆవిడ బస్సు కదిలాక జుట్ల కార్యక్రమం ఉన్నచోటునుంచే మళ్ళీ మొదలైంది గాని, అప్పటికి ఆయన జీపు కదిలిపోయింది. ఎందుకాగారమ్మా అని ఆయన అడగలేదు. అడగనిదే చెప్పడానికి వాళ్ళకేం పని.

రాజధాని చేరి ఆయన ఒక నివేదిక రాశాడు. ‘గీతం చెవిన పడిన తక్షణమే గ్రామీణ మహిళలు హింసామార్గమును విడనాడిరి. వారిలో ఒకామె అశ్రుపూరిత నయనాలతో, దృఢ సంకల్పముతో, చేతిసంచి ధరించి నూతన జీవితము వైపు సాగిపోయెను’ అని అందులో ఉంది. పైవాళ్ళకి అది విపరీతంగా నచ్చింది. రాష్ట్ర గీత పరివర్తన మండలి అని ఒకటి పుట్టింది, చిదంబరేశ్వర్‌గారు దానికి అధిపతి అయ్యాడు, ప్రయోగానికి మన జిల్లానే ఎంచుకున్నాడు. మొదటి ఉత్తర్వు ఏమిటంటే, మార్పు తీసుకురాని పాట ప్రసారం చేయరాదు. పాట కోరే శ్రోత తనలోని ఏ దురలవాటు పోవడానికి కోరుతున్నాడో కార్డు మీద రాయాలి, దానికి తగిన పాట మండలే నిర్ణయిస్తుంది.

పానకాలు ఈ గొడవేమీ ఎరగడు. భార్య వెళ్ళినప్పట్నుంచి చేతులు కాల్చుకుంటూ, పొట్లకాయ కూరలో ఉప్పు రెండుసార్లు వేసుకుంటూ, ఒక కార్డు రాసి ఈసారి స్వయంగా పోస్టుమాస్టరు చేతికిచ్చాడు. వారం తిరక్కుండా జవాబొచ్చింది. ‘మీయందు సంస్కరింపదగిన అంశమేదియు లేనందున, మిమ్ములను పరివర్తనకు ఆస్కారము లేని శ్రోతగా వర్గీకరించి, మీ కోరికను తిరస్కరించడమైనదని తెలియజేయుటకు చింతిస్తున్నాము.’

ఈలోగా జిల్లాలో వేరే సందడి మొదలైంది. మొదటిరోజు భ్రమరాంబగారు కొత్త పద్ధతిలో చదివేసరికి ఊళ్ళకి ఊళ్ళే నోళ్ళు తెరిచాయి. "అరుగుమీద ఉమ్మే అలవాటు మానుకోవడం కోసం ఈ పాట కోరినవారు" అంటూ మునసబుగారి పేరు, "చాడీలు చెప్పే గుణం పోవడానికి కోరినవారు" అంటూ వరసగా ఒక వీధి వీధంతా వచ్చింది. వారం రోజులు జనం సిగ్గుపడ్డారు. తర్వాత, పేరు రావడం ముఖ్యం గాని ఏ పేరన వస్తే ఏం అనుకున్నారు. ఏ లోటూ లేనివాళ్ళు లోట్లు వెతుక్కున్నారు. లెక్కల మాస్టారు గురక అని రాస్తే, గురక సామాజిక రుగ్మత కాదని తిప్పికొట్టారు. ఆయన రోషంతో పేకాట మొదలుపెట్టాడు. భజన చేసే సుభద్రమ్మగారు ఎనభై దాటాక, మనవరాళ్ళ పేర్లు కూడా కలిసొస్తాయని, దొంగతనమని రాయించింది. ఆవిడ మూడు పాటలు వేయించుకున్నాక నిజంగానే పొరుగింటి గిన్నె ఒకటి వాళ్ళింట్లో దొరికింది. పెళ్ళి సంబంధాలవాళ్ళు కూడా, అబ్బాయికి మూడు దురలవాట్లండీ, మూడింటికీ రేడియోలో వచ్చాడు అని గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టారు.

మండలి లెక్కల్లో జిల్లా దురలవాట్లలో ప్రథమస్థానం సంపాదించింది. వాటిని మానుకోవడంలోనూ ప్రథమస్థానమే. మానుకున్నవాళ్ళు మళ్ళీ పాట కావాలంటే మళ్ళీ మొదలుపెట్టాలి కాబట్టి రెండు స్థానాలూ స్థిరంగా ఉండేవి.

ఒక్క పానకాలే మిగిలిపోయాడు. మర దగ్గరికొచ్చిన ఆడవాళ్ళు అతన్ని జాలిగా చూసేవాళ్ళు. ఏదో ఒకటి అలవాటు చేసుకోకూడదా అన్నయ్యా, ఇల్లాలు తిరిగొస్తుంది గదా అని ఈరమ్మ నచ్చజెప్పింది. అతనికి తల ప్రాణం తోకకొచ్చి, ఒకనాడు మరకి తాళం వేసి రేడియో కేంద్రానికే బయల్దేరాడు.

లోపల చిదంబరేశ్వర్‌గారి గదిలో గోడమీద జిల్లా పటం, దానిమీద రంగురంగుల గుండుసూదులు ఉన్నాయి. ఎర్రవి తాగుడు, పచ్చవి జూదం, పసుపువి సోమరితనం. పానకాలు చేతులు కట్టుకుని, తనకే దురలవాటూ లేదని, అదొక్కటీ క్షమించి తమ ఇద్దరి పేర్లూ చదివించమని వేడుకున్నాడు.

చిదంబరేశ్వర్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీరు కేవలం స్వార్థంతో ఆలోచిస్తున్నారు పానకాలుగారూ. మార్పుకు అవకాశం లేని మనిషి మీద పాట ప్రయోగిస్తే ఆ ధ్వని తరంగం ఎక్కడికి పోవాలి? మీకు తగిలి తిరిగి మా దగ్గరికే వస్తుంది. అప్పుడు మేము మారవలసి వస్తుంది. దానికి నిబంధనలు ఒప్పుకోవు."

పానకాలు బయటికొచ్చి వరండాలో కూలబడ్డాడు. భ్రమరాంబగారు మంచినీళ్ళిచ్చింది. గొంతు విని గుర్తుపట్టి అతను లేచి నిలబడ్డాడు. నాంచారమ్మ సంగతంతా విని ఆవిడ నొచ్చుకుంది. ఆరోజు మరెందరో అన్నది నేనే బాబూ అంది. అని, అటూఇటూ చూసి గొంతు తగ్గించింది.

"తాగుడని రాసెయ్యి. తాగుడుకి పేరు రెండుసార్లు చదువుతాం, మారకముందు ఒకసారి, మారాక ఒకసారి."

పానకాలు మళ్ళీ లోపలికెళ్ళి, అయ్యా, నేను తాగుతానండి అన్నాడు. ఎన్నాళ్ళుగా అని అడిగితే, ఇందాకట్నుంచేనండి అన్నాడు. చిదంబరేశ్వర్‌గారి మొహం వెలిగిపోయింది. అతని ఊరు జువ్వలమెట్ట అని, తన సిద్ధాంతం పుట్టిన పిండిమర అతనిదేనని తెలిశాక ఇక ఆయన్ని పట్టేవాళ్ళు లేరు. జువ్వలమెట్ట బడి మైదానంలో బహిరంగసభ పెడతామన్నాడు. జిల్లా అంతా వింటుండగా, రాజధాని పరిశీలకులు చూస్తుండగా, పాట వినిపించి పానకాలు చేత తాగుడు మాన్పిస్తాం, దాని పేరు ప్రత్యక్ష పరివర్తన అన్నాడు. పానకాలుకి కావలసింది ఒక్కటే, నాంచారమ్మ పేరు కూడా చదువుతారు గదండీ అని అడిగాడు.

"ఆవిడ దురలవాటు ఏమిటి?"

ఏమీ లేదండి అన్నాడు పానకాలు. అలా అయితే కుదరదని చిదంబరేశ్వర్‌గారు పట్టిక తిరగేశాడు. పుట్టింటికి వెళ్ళిపోయింది కాబట్టి గయ్యాళితనం కింద రాద్దామన్నాడు, దానికి చాలా చక్కని జోలపాట సిద్ధంగా ఉందన్నాడు. కలం మూత తీశాడు కూడా. సంతకం పెడితే ఆ క్షణమే రెండు పేర్లూ ఖాయం. పానకాలు ఆ కలం వంక చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నన్ను తాగుబోతని రాసుకోండి, దొంగని రాసుకోండి, మీ ఇష్టం. ఆవిడలో వంక లేదండి. కార్డు వెయ్యడం మర్చిపోయింది నేను."

చిదంబరేశ్వర్‌గారు నిట్టూర్చి, పానకాలు పేరుకిందే ‘తపాలా అలసత్వం’ అని రెండో దురలవాటు చేర్చుకున్నాడు.

తాగుబోతని రాయించుకుంటే చాలదు, ధ్రువీకరణ కావాలి. అదే దురలవాటులో అనుభవమున్న ఒక గ్రామస్థుడు సాక్ష్యం చెప్పాలని నిబంధన. జువ్వలమెట్టలో ఆ అర్హత యోగయ్యది. అసలు సిసలైన తాగుబోతు అయ్యుండీ అతను మాత్రం ఎన్నడూ రేడియోకి కార్డు రాయలేదు. రాస్తే మానాల్సొస్తుందని అతని భయం. పానకాలు వచ్చి అడిగేసరికి పొంగిపోయి, చెట్టుకింద శిష్యరికం పెట్టించాడు. పానకాలు తూలుతూ నడిచి చూపించాడు. యోగయ్య పెదవి విరిచాడు.

"అది కాదురా పానకాలూ. తాగినోడు తూలకూడదని చూస్తాడు. నువ్వు తూలాలని చూస్తన్నావు. అక్కడ దొరికిపోతావ్."

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. పానకాలు సంగతి తిరగబడింది. యోగయ్యతో కలిసి తాటితోపులోంచి వస్తున్నా, ఊరివాళ్ళు అతన్ని చూసి, పాపం మజ్జిగ తాగొస్తున్నాడు అనుకునేవాళ్ళు. మంచిపేరు ఒకసారి వచ్చిందంటే వదిలించుకోవడం అంత తేలిక కాదు.

ఇటు రేడియోలో రోజూ ప్రకటన మోగుతూనే ఉంది. వచ్చే పున్నమిరోజు జువ్వలమెట్టలో తాగుబోతు పానకాలు ప్రత్యక్ష పరివర్తన, అందరూ వినండి అని. అడవిపాలెంలో అది విన్న నాంచారమ్మ చేతిలో చెంబు జారిపోయింది. నీ మొగుడి పేరు ఇప్పుడు రోజూ వస్తోంది గదా వదినా అని అన్నభార్య నవ్వింది. నాంచారమ్మ నవ్వలేదు. నలుసంత మచ్చలేని మనిషిని నేను వదిలేసొచ్చి ఇలా చేశానా అని కుమిలిపోయింది. గడప తొక్కనన్న ఒట్టు ఉంది కాబట్టి, గడప తొక్కకుండా బడి మైదానం వరకు మాత్రం వెళ్ళొస్తానని బస్సెక్కింది.

పున్నమినాటి సాయంత్రం మైదానంలో ఇసకేస్తే రాలనంత జనం. మైకులు, చెట్లకి రంగు దీపాలు, వేదికమీద కుర్చీలు, అరటి గెలలు. జిల్లాలోని ప్రతి దురలవాటుకీ ప్రతినిధి వచ్చాడు. లైన్‌మన్ జోజప్ప కూడా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉండాల్సినవాడు, ‘విధుల్లో అశ్రద్ధ’ మానడానికి తనూ కార్డు రాశాడు కాబట్టి, పేరు వినడానికి వచ్చి ముందువరసలో కూర్చున్నాడు.

పరిశీలకులముందు పానకాలుని కుర్చీలో కూర్చోబెట్టి, లక్కముద్ర వేసిన సీసా ఒకటి తెచ్చారు. చీటీమీద ‘పరివర్తన పూర్వ ద్రవం’ అని రాసి ఉంది. పానకాలు ముక్కు మూసుకుని తాగాడు. జీవితంలో అంత చేదు అతనెరగడు. కాసేపటికి చెట్లకున్న దీపాలు అతని చుట్టూ తిరగసాగాయి. లేచి నిలబడి, తూలకూడదని ఎంతో ప్రయత్నించాడు. జనంలో యోగయ్య, చూశారా నా శిష్యుణ్ణి అన్నట్టు పైపంచెతో కళ్ళొత్తుకున్నాడు.

ప్రసారం మొదలైంది. ఇంత పెద్ద సభకి భ్రమరాంబగారు చాలదని చిదంబరేశ్వర్‌గారే మైకు అందుకున్నాడు. ఈ పాట కోరినవారు అని మొదలుపెట్టి, మండలి అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, వారి సతీమణులు, సలహాదారులు, రాజధాని పరిశీలకులు, దీపాలు వేయించిన గుత్తేదారుగారు, ఇలా చదువుకుంటూ పోయాడు. జనం ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నారు. జోజప్ప ముందుకు వంగాడు. చిదంబరేశ్వర్‌గారు గడియారం చూసుకుని, "మరియు మరెందరో గ్రామస్థులు" అని ముగించి, పాట వేయమని చెయ్యెత్తాడు.

ఆ చెయ్యి ఎత్తడమే తడవు, అన్ని దీపాల బరువు మోయలేక ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంది. మైకులు మూగపోయాయి. మైదానం నుంచి తీసుకుంటున్న ప్రసారం తెగిపోయి, జిల్లా అంతటా రేడియోలు గుటక వేసినట్టు ఆగిపోయాయి. జోజప్ప కదల్లేదు. కదిలితే అంతలో పేరొస్తుందేమోనని అతని బాధ. వెన్నెల్లో అంత జనమూ అలవాటు ప్రకారం నోరు మూసుకుని, పేర్లు ఇంకా ఉన్నాయేమోనని చెవులు రిక్కించి కూర్చుంది.

ఆ నిశ్శబ్దంలో పానకాలు గొంతు వినిపించింది.

"మరెందరో అంటే ఎవరండీ?"

చిదంబరేశ్వర్‌గారు బదులు చెప్పేలోగా అతను వేదిక అంచుకొచ్చి నిలబడ్డాడు. జన్మలో నలుగురిలో నోరెత్తి ఎరగని మనిషి, రేడియో అక్కయ్య ఫక్కీలో నిదానంగా మొదలుపెట్టాడు.

"ఈ పాట కోరినవారు, జువ్వలమెట్ట నుంచి నాంచారమ్మ. నాంచారమ్మ, పానకాలు. ఇంకోసారి నాంచారమ్మ."

తర్వాత ఎదురుగా ఉన్నవాళ్ళందర్నీ చదవసాగాడు. మర దగ్గరికి వాళ్ళు తెచ్చే డబ్బాలతో సహా అతనికి మనుషులు గుర్తు. రాగుల డబ్బా ఈరమ్మ, మూతలేని డబ్బా మరియమ్మ, కారం పట్టించుకునే లెక్కల మాస్టారు, గళ్ళ సంచి సుభద్రమ్మగారు, బియ్యప్పిండి బసవమ్మ, ఎప్పుడూ డబ్బా తేని యోగయ్య, లైన్‌మన్ జోజప్ప. ఎవరి దురలవాటూ చదవలేదు. పేరు వచ్చినవాళ్ళు పక్కవాళ్ళని మోచేత్తో పొడుచుకున్నారు. జోజప్ప పేరు వినగానే తృప్తిగా లేచి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయాడు.

నాంచారమ్మ జనాన్ని తోసుకుంటూ వేదిక ఎక్కింది. దగ్గరికొచ్చి, వాసన తగిలి ఆగింది.

"తాగారా?"

"నీ పేరు చదవాలంటే తాగాలన్నారే."

"మళ్ళీ తాగుతారా?"

"చేదుగా ఉందే నాంచారీ."

ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. ఒక్క కార్డు వేళకి డబ్బాలో పడేస్తే పోయేదానికి ఇంత తెచ్చారు అని కొంగుతో అతని మొహం తుడిచి, చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. రేడియోలో చదవలేదుగా, మరి ఒట్టో అని బసవమ్మ అడిగింది. రేడియో కన్నా గట్టిగానే వినపడింది గాని నువ్వు పక్కకి జరుగు అంది నాంచారమ్మ. చెయ్యి పట్టుకున్న పట్టు గట్టిది కాబట్టి పానకాలు ఎక్కడా తూలకుండా ఇంటికి చేరాడు.

వేదికమీద చిదంబరేశ్వర్‌గారు మాత్రం చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే నిలబడిపోయాడు. తాగుబోతు తాగుడు మానాడు. అలిగిన ఇల్లాలు కాపురానికొచ్చింది. విధుల్లో అశ్రద్ధ చూపినవాడు విధులకి వెళ్ళాడు. ఇంత జనంలో ఒక్క తగవు లేదు. జిల్లాలో ఏ ఠాణాకీ ఆ పూట ఒక్క ఫిర్యాదు రాలేదు, ఎందుకంటే జనమంతా మూగ రేడియోల ముందు పేర్లకోసం కూర్చుని ఉన్నారు. ఇదంతా జరిగినప్పుడు పాట లేదు. పరిశీలకులు కూడా కళ్ళతో చూశారు, ఇక కాదనేందుకు వీల్లేదు.

ఆయన రెండో నివేదిక మొదటిదానికన్నా పెద్దది. సమాజాన్ని మార్చేది సంగీతం కాదని, సంగీతం లేకపోవడమని అందులో నిరూపించాడు. సంగీతం లేకుండా ఉండాలంటే ముందు రేడియో ఉండాలి గనక కేంద్రం మూయనవసరం లేదని కూడా రాశాడు. పైవాళ్ళకి ఇది ఇంకా నచ్చింది, ఖర్చు తక్కువ. మండలి పేరు రాష్ట్ర నిశ్శబ్ద పరివర్తన మండలిగా మారింది. ‘శ్రోతల కోరిక’లో ఇకమీదట పాటలుండవు, పరిశుద్ధమైన నిశ్శబ్దం ప్రసారమవుతుందని ఉత్తర్వు వచ్చింది. నిశ్శబ్దం అందరికీ మంచిదే కాబట్టి దురలవాటు రాయనక్కర్లేదన్నారు.

ఆ సమావేశంలో భ్రమరాంబగారు లేచి ఒక్కటే అడిగింది. ఈ నిశ్శబ్దం ఎవరు కోరారో శ్రోతలకి చెప్పొద్దా అండీ అంది. అదొక చిన్న కార్యాలయ విషయమని, ఆవిడ ఇష్టమని చిదంబరేశ్వర్‌గారు చెయ్యి ఊపేశాడు.

ఆ మాట జిల్లాలో పాకిందో లేదో, కేంద్రానికి కార్డులు బస్తాలతో వచ్చాయి. సుభద్రమ్మగారు దొంగతనం మానేసింది, అవసరం లేకపోయె. లెక్కల మాస్టారికి మాత్రం పేకాట నిజంగానే అంటుకుంది, ఆ ఒక్కటీ మండలి ఖాతాలో మిగిలింది.

మళ్ళీ పెళ్ళిరోజు వచ్చింది. ఈసారి కార్డు డబ్బాలో వేయడానికి నాంచారమ్మ మొగుడి వెంట తనూ వెళ్ళి, పడిన చప్పుడు విన్నాకే వెనక్కి తిరిగింది. మధ్యాహ్నం మర దగ్గర ఆడవాళ్ళంతా డబ్బాలతో చేరారు. పేర్లు మొదలవగానే పానకాలు మర ఆపాడు. "ఇప్పుడు నిశ్శబ్దం. కోరినవారు, జువ్వలమెట్ట నుంచి నాంచారమ్మ, పానకాలు" అంది భ్రమరాంబగారి గొంతు, అందరికన్నా ముందు, ఒక్కొక్క అక్షరం విడివిడిగా. బసవమ్మ డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది. మిగతా పేర్లు కూడా అయిపోయాయి, రేడియోలో నిశ్శబ్దం మొదలైంది. పానకాలు అలవాటుగా మీటమీద చెయ్యి వేశాడు.

"ఉష్, ఉండండి" అంది నాంచారమ్మ, అతని చెయ్యి పట్టుకుని. "ఇది మనం కోరింది."

అతను చెయ్యి తీసేశాడు. జువ్వలమెట్టలో ఒక ప్రసారాన్ని మొదట్నుంచి చివరిదాకా అందరూ కూర్చుని విన్నది అదే మొదటిసారి.